ఒంటిగడ్డ

మొదటి ఏడు పెరుగు బకెట్టులో పాతాను.
అడుగున మేకుతో ఐదు తూట్లు,
నాలుగో అంతస్తు బాల్కనీలో ఉత్తరం మూల.
రెబ్బ మొన పైకి, మడమ కిందికి.
అంతవరకూ సరిగ్గానే చేశాను.
జనవరిలో బకెట్టు నిట్టనిలువునా పగిలింది.
మట్టి మొత్తం ఒక్క ఇటుక,
అందులో రెబ్బలు గాజుపళ్ళలా.

తార్తూ సంతలో ఫెయొక్తిస్తా నవ్వలేదు.
గడ్డం కింద తలగుడ్డ ముడి బిగించి
"నేలకి పైనుంచే చలి,
బకెట్టుకి అన్నివైపులా చలే కదమ్మా" అని
చిల్లర లెక్కపెట్టుకుంది.

రెండో ఏడు జాగ్రత్త ఎక్కువైంది.
పెద్ద కుండీ కొన్నాను.
మొదటి మంచు రాలగానే ఎత్తుకొచ్చి
వంటింట్లో హీటరు పక్కన పెట్టాను,
జ్వరమొచ్చిన పిల్లని పడుకోబెట్టినట్టు.
క్రిస్మస్ నాటికి జానెడు పచ్చదనం.
నేను సిటీ బస్సు నడుపుతాను.
పొద్దున్నే టికెట్టు లేనివాళ్ళక్కూడా
నవ్వుతూ తలుపు తీశాను.

జూలైలో పెకిలిస్తే రెబ్బల్లేవు.
గోళీకాయలంత ఒంటిగడ్డలు,
నున్నగా, తెల్లగా,
ఎక్కడా చీలిక గీతైనా లేకుండా.

ఈసారి నవ్వింది, ఉన్న నాలుగు పళ్ళతో.
"చలి చూడనిది చీలదు.
చీలనిది ఒక్కతే ఉండిపోతుంది.
పారెయ్యకు వాటిని. అలాగే పాతు, ఒలవకుండా."

ఆదివారం ఇంకొకరు నడిపే బస్సెక్కి
పీప్సీ చెరువు ఒడ్డున ఆమె ఊరికెళ్ళాను.
చెరువంటారు గానీ అవతలి ఒడ్డు కనిపించదు.
నేల చిత్తడి, గుంట తీస్తే నీళ్ళు.
వాళ్ళ ముత్తాతలు కాలవలు తవ్వి
ఆ మట్టినే మడులుగా పోశారట,
వేరు తడిసినా మునగకుండా.
ఆమె మోకాళ్ళు మొరాయించాక
మడి చుట్టూ పలకలు కొట్టించింది.
ఏటా ఇంకో పలక.
మడి లేస్తోంది, ఆమె వంగుతోంది,
ఎక్కడో ఒకచోట కలుసుకుంటారు.

సాసర్లో టీ ఊదుకుంటూ చెప్పింది:
చిన్న రెబ్బలు కూరలోకి,
అన్నిటికన్నా లావువి మట్టికి.
లావువి తినేసినవాడు
వచ్చే ఏడు సంతకొచ్చి నా దగ్గర కొంటాడు.
చెప్పి, చిన్నది ఒకటి
నల్ల రొట్టె మీద రాసి ఇచ్చింది.
నాలిక మీద అగ్గిపుల్ల గీసినట్టైంది.

మూడో ఏడు పలకలతో పెట్టె చేశాను,
నా మోకాలంత ఎత్తు.
ఒంటిగడ్డలు బెత్తెడు ఎడంగా,
మూడు వేళ్ళ లోతున.
పైన ఆమె మూటకట్టి ఇచ్చిన రెల్లుగడ్డి,
చుట్టూ మా కారు ఇంజిను కప్పే దుప్పటి.
లోపలికి తీసుకురాలేదు.
మైనస్ ఇరవైరెండు రాత్రి
తలుపు గడియ మీద చెయ్యి వేసి, తీసి,
మళ్ళీ వేసి, పడుకున్నాను.

ఫిబ్రవరిలో కారు మొండికేసింది.
దుప్పటి బాల్కనీలో ఉంది మరి.
డిపోకి నడిచే వెళ్ళాను వారం రోజులు,
కిందనుంచి నాలుగో అంతస్తు వైపు
తలెత్తి చూసుకుంటూ.

ఏప్రిల్లో రెల్లు కింద ముక్కులు.
జూన్లో పూకాడలు మెలికలు తిరిగాయి.
అన్నీ కోసి గుడ్లతో వేయించాను,
ఒక్కటి మాత్రం గడియారంగా వదిలేశాను.
అది మెలిక విప్పి నిటారైన రోజు తవ్వాలి.
కింది అంతస్తు ఆర్వో
తన తువ్వాళ్ళ మీద మట్టి రాలుతోందని గొడవపడి,
వాసన పీల్చి, ఒకటి అడిగాడు.

సాక్సుల పక్కన తీగమీద ఆరబెట్టి
తొమ్మిది గడ్డలు సంతకి తీసుకెళ్ళాను.
ఫెయొక్తిస్తా బొటనవేలితో
పొర మీంచే తడిమి లెక్కపెట్టింది.
"ఆరు" అంది.
"ఇందులో ఐదు. ఇది మళ్ళీ ఆరు."

తరవాత, నన్ను అడక్కుండానే,
అన్నిటికన్నా లావుదాన్ని తీసి
ఏప్రాను జేబులో వేసుకుంది.
తన మడికట.